హనీ డిప్పరా, బాబ్‌టెయిలా? తోడి గాంధారం తేల్చిన బేరం

మా అమ్మ వీణ బొబ్బిలిది. పక్కనే ఉన్న గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసింది. దాన్ని వింటూ పెరిగిన నన్ను ఉద్యోగం తెచ్చి మెంఫిస్‌లో పడేసింది. ఇక్కడ వేలికి గాజు గొట్టం తొడుక్కుని, తీగల మీద జార్చి వాయించే బ్లూస్ గిటార్ విన్నప్పటి నుంచి ఒకటే ఆలోచన: ఇది మన కర్ణాటక సంగీతంలోని గమకానికి, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చే పద్ధతికి, పనికొస్తుందా?

ఆ బ్లూస్ వాళ్ల చేతుల్లో తరచూ కనిపించేది రెజొనేటర్ గిటార్. ఎలక్ట్రిక్ గిటార్లు రాకముందు, బ్యాండ్ హోరులో గిటార్ అసలు వినబడేది కాదు. లాస్ ఏంజలెస్‌లో స్థిరపడ్డ స్లొవాక్ వలసదారు జాన్ డొప్యెరా 1920లలో దాని పొట్టలో పల్చటి అల్యూమినియం కోన్లు పెట్టి శబ్దాన్ని పెంచాడు. ఆ గిటార్లు చేసిన నేషనల్ కంపెనీ నుంచి బయటికొచ్చి అన్నదమ్ములతో కలిసి డోబ్రో అనే కంపెనీ పెట్టాడు. డొప్యెరా బ్రదర్స్‌కి అది పొట్టి పేరు, స్లొవాక్‌లో 'మంచిది' అని కూడా అర్థమట. నేటికీ ఈ గిటార్లలో ముఖ్యమైన తేడా, అంటే లోపలి కోన్ అమరిక, ఆ రెండు కంపెనీల నాటిదే.

నా బడ్జెట్‌లో గ్రెచ్ అనే గిటార్ కంపెనీవి రెండు కుదిరాయి. హనీ డిప్పర్ ఇత్తడి ఒళ్లు, లోపల బిస్కట్ కోన్. బాబ్‌టెయిల్ మహాగని చెక్క, లోపల స్పైడర్ కోన్. బిస్కట్ అంటే కోన్ కొసన కూర్చున్న గుండ్రటి చెక్క బిళ్ల. తీగల అదురు దాని గుండా నేరుగా కోన్ నడినెత్తిన దిగుతుంది. స్పైడర్‌లో కోన్ గిన్నెలా వెల్లకిలా ఉంటుంది, దాని అంచు మీద సాలీడు కాళ్ల లాంటి లోహపు చట్రం నిలబడుతుంది.

షాపులో మొదట చేయి వెళ్లింది హనీ డిప్పర్ మీదికే. చింతపండు పెట్టి తోమని పాత ఇత్తడి రంగు. మా ఆవిడ దాన్ని వేలితో టంగుమనిపించి, "ఏవండీ, గిటార్ కొంటున్నారా, బిందె కొంటున్నారా?" అంది. బరువూ బిందె బరువే. కానీ ఓపెన్ జీ శ్రుతిలో (తీగలు నొక్కకుండా మీటితేనే జీ కార్డ్ పలికేలా కట్టి) ఒక్కసారి మీటితే షాపంతా తలతిప్పి చూసింది. మీటగానే ఎగిరిపడే శబ్దం, కాస్త గరుకు. బ్లూస్‌కి అంతకన్నా ఏం కావాలి?

అప్పుడు తోడి రాగంలోని గాంధారం, అంటే 'గ' స్వరం, పట్టాను. తోడిలో గాంధారం ఊగాలి కదా, ఒక ఊపు, ఇంకో ఊపు... రెండోది పూర్తవకుండానే శబ్దం ఆరిపోయింది. మూడుసార్లు ప్రయత్నించాను. నా చేతివాటం కూడా కొంత కారణమే అయ్యుండొచ్చు.

బాబ్‌టెయిల్ అంత గట్టిగా అరవదు. ముక్కుతో పాడినట్టు ఉంటుంది, మొదట నచ్చలేదు కూడా. కానీ నాదం నిలుస్తుంది. గాంధారం ఊగి, మధ్యమాన్ని తాకి, మెల్లగా రిషభానికి దిగేదాకా వెంట వచ్చింది. పైగా శబ్దాన్ని నేరుగా స్పీకర్‌కి పంపే ఫిష్‌మన్ పికప్ బిగించే ఇస్తారు, గుడిలో మైకు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఉగాది కార్యక్రమానికి అదే కలిసొచ్చింది. ధర కూడా ఆ రోజు ఇత్తడిదాని కన్నా తక్కువే.

రెండూ గుండ్రటి మెడవే కాబట్టి మామూలు గిటార్‌లా వేళ్లతో నొక్కి కూడా వాయించొచ్చు. ఒళ్లో పడుకోబెట్టుకుని గోటువాద్యంలా వాయించాలనుకునేవాళ్లు చదరపు మెడవి చూసుకోండి, ఈ రెండూ వద్దు.

ఒక జాగ్రత్త. అంతకుముందు ఎవరి దగ్గరో కొన్న పాత రెజొనేటర్‌కి తీగలన్నీ ఒకేసారి విప్పేశాను. తీగల బిగువుతోనే కోన్ కుదురుగా కూర్చుంటుందని అప్పుడు తెలియదు. అది పక్కకు జరిగి, మళ్లీ తీగలు కట్టాక తేనెటీగ దూరినట్టు ఒకటే జుమ్మని మోత. తీగలు ఒక్కొక్కటిగా మార్చుకోండి.

బాబ్‌టెయిల్ కొన్నాక తీగల ఎత్తు పెంచడానికి రిపేరు చేసే అతనికి విడిగా ఇచ్చుకున్నాను, లేకపోతే గాజు గొట్టం ఫ్రెట్లకు (మెడ మీది మెట్లకు) తగిలి టకటకలాడుతోంది. ఇప్పుడు ఫర్వాలేదు. మొన్న వీడియో కాల్‌లో అమ్మకి వినిపించాను. "వాయిద్యం బానే ఉంది. గాంధారం ఇంకాస్త కిందనుంచి ఎత్తు, నాన్నా" అంది.