విమర్శకుల మాటా, అభిమానుల మాటా? అవలాంచెస్ ఆల్బమ్‌లలో ఏది మేలు

మెల్‌బోర్న్‌కు చెందిన ది అవలాంచెస్ బృందం మొదటి ఆల్బమ్ 'సిన్స్ ఐ లెఫ్ట్ యూ' 2000లో వచ్చింది. రెండోది 'వైల్డ్‌ఫ్లవర్' 2016లో వచ్చింది. బెంగళూరులో మా తెలుగు మిత్రుల్లో ఎలక్ట్రానిక్ సంగీతం వినేవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందికీ ఈ రెండింటి దగ్గర మాత్రం మాట కుదరదు. కొత్తగా వినబోయేవాళ్లు ఏది ముందు వినాలి, రివ్యూలను నమ్మాలా, అభిమానులను నమ్మాలా అని అడుగుతుంటారు. నాకైతే మొదటిదే మేలు. కానీ రెండోదాని మీద అభిమానులు పడ్డ కోపంలో సగం న్యాయం లేదు.

'సిన్స్ ఐ లెఫ్ట్ యూ' మొత్తం పాత రికార్డుల ముక్కలతో కట్టింది. ఎవరికీ పట్టని పాత రికార్డులు ఏరుకొచ్చి, ఒకదాంట్లో గొంతు, ఇంకోదాంట్లో వయొలిన్, మరోదాంట్లో డ్రమ్స్ కత్తిరించి, శ్రుతి మార్చి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. ముక్కలు దాదాపు 3,500 ఉంటాయని బృందమే అంచనాగా చెప్పింది. అందులోని 'ఫ్రాంటియర్ సైకియాట్రిస్ట్' పాటలో వినిపించే మాటల్లో కెనడా హాస్య జంట వేన్, షూస్టర్ల పాత స్కిట్ ముక్కలున్నాయి. ఇంకోచోట మడోనా 'హాలిడే' బేస్ వినిపిస్తుంది. దానికి ఆవిడ అనుమతి దొరికింది. ఇన్ని చోట్ల నుంచి తెచ్చినా 18 ట్రాకులూ ఒకే పాటలా సాగిపోతాయి. అతుకు ఎక్కడుందో చెవికి దొరకదు. సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ పదికి 9.5 ఇచ్చింది. ఈ ఆల్బమ్ విషయంలో విమర్శకులకూ అభిమానులకూ పేచీ లేదు.

పేచీ అంతా 'వైల్డ్‌ఫ్లవర్' దగ్గరే. విమర్శకులు దీన్నీ ఆదరించారు. పిచ్‌ఫోర్క్ 8.5 ఇచ్చింది, ఆస్ట్రేలియా చార్టులో మొదటి స్థానం దక్కింది. అభిమానులు మాత్రం రెండుగా చీలిపోయారు. ఆల్బమ్ కంటే ముందు వదిలిన 'ఫ్రాంకీ సినాట్రా' దానికి పెద్ద కారణం. కరీబియన్ దీవుల కాలిప్సో శైలిలోని పాత పాట ముక్క మీద డానీ బ్రౌన్, ఎంఎఫ్ డూమ్ అనే ర్యాపర్లు ర్యాప్ చేసిన పాట అది. 16 ఏళ్లు ఎదురుచూసింది దీనికోసమా అని చాలామంది నిరాశపడ్డారు. విమర్శకులు 21 ట్రాకులూ కలిపి విని రాశారు. అభిమానులు అందరికంటే గట్టిగా అరిచే పాటను విడిగా విన్నారు. అక్కడే తేడా వచ్చింది.

మొదటిదానిలాగే ఎందుకు చేయలేదు అన్న ఫిర్యాదును నేను ఒప్పుకోను. బృందంలో ప్రధానుడైన రాబీ చేటర్ మధ్యలో తీవ్రమైన అనారోగ్యంతో బాధపడ్డాడు. ముక్కలకు అనుమతులు తెచ్చుకోవడం కూడా చిన్న పని కాదు. పిల్లల బృందం పాడిన బీటిల్స్ పాట ముక్క ఒకటి వాడుకోవడానికే ఎంతో బతిమాలాల్సి వచ్చింది. ఆ పరిస్థితుల్లో పాత ఇల్లే మళ్లీ కట్టమనడం అన్యాయం.

కానీ ర్యాప్ వల్ల ముక్కల అల్లిక మరుగున పడిందని అభిమానులు అన్నది నిజం. విమర్శకులు దాన్ని తేలిగ్గా తీసుకున్నారని నా అభిప్రాయం. మొదటి ఆల్బమ్‌లో పెద్దా చిన్నా లేదు. గుర్రం సకిలింపుకీ గాయని గొంతుకీ ఒకే విలువ. 'వైల్డ్‌ఫ్లవర్'లో ర్యాపర్ రాగానే చెవి మాటల వెంట వెళ్లిపోతుంది. వెనక అంత ఓపిగ్గా పేర్చిన ముక్కలు నేపథ్య సంగీతం అయిపోతాయి. అందులోని 'ద నాయిజీ ఈటర్' అనే ర్యాప్ పాట మొదటిసారి సరదాగానే ఉంటుంది. మళ్లీ మళ్లీ వింటే దాటేయాలనిపిస్తుంది. వారంలో రివ్యూ రాసేవారికి ఇది తగలకపోవచ్చు. మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ బస్సులో వింటూ వెళ్లేవారికి తప్పకుండా తగులుతుంది.

ఇలాంటి సంగీతంలో ముక్క ఎక్కడిదో తెలిసిన చెవి వేరు, తెలియని చెవి వేరు. ఇది నాకు బాగా అర్థమైంది 2007లో వచ్చిన, బ్రిటన్ గాయని ఎం.ఐ.ఏ. ఆల్బమ్ 'కాలా' వల్ల. అందులోని మొదటి పాట 'బాంబూ బంగా'లో ఇళయరాజా 'దళపతి' పాట ముక్క ఉంది. తెలుగులో మనకు 'సింగారాల పైరుల్లోన'గా తెలిసిన పాటే. తెలియనివారికి అది ఎక్కడో దూరదేశపు డప్పుల హోరు. మా ఆఫీసులో ఒక తమ్ముడికి వినిపిస్తే డప్పు మొదలవగానే "అన్నా, ఇది దళపతి కదా!" అని లేచి కూర్చున్నాడు. తర్వాత ఆ పాటంతా అతను విన్న తీరే మారిపోయింది. అవలాంచెస్ ముక్కలను ఏళ్ల తరబడి వెతికి పట్టుకునే అభిమానులదీ అదే ఆనందం. రివ్యూలో ఆ ఆనందం దొరకదు. అందుకే ఆల్బమ్ వచ్చిన వారంలో నేను విమర్శకుల మాటే వింటాను, అప్పటికి అభిమానులు ఆశలోనో కోపంలోనో ఉంటారు. నాలుగైదేళ్లు గడిచాక మాత్రం అభిమానుల మాటకే ఎక్కువ విలువిస్తాను.

కాబట్టి ముందు 'సిన్స్ ఐ లెఫ్ట్ యూ' వినండి. షఫుల్ తప్పకుండా ఆపేయండి, లేకపోతే ట్రాకుకీ ట్రాకుకీ మధ్య వేసిన అల్లిక అంతా తెగిపోతుంది. 'వైల్డ్‌ఫ్లవర్'కు వచ్చినప్పుడు మూడో పాట 'ఫ్రాంకీ సినాట్రా' వదిలేసి నాలుగోది 'సబ్‌వేస్' నుంచి మొదలుపెట్టండి. 1980లో చాంద్రా అనే పన్నెండేళ్ల అమ్మాయి పాడిన పాట ముక్క మీద కట్టింది అది. అక్కడి నుంచి 'కలర్స్' వరకు వరుసగా నాలుగు పాటలు మొదటి ఆల్బమ్‌కు ఏమాత్రం తీసిపోవు.