వారానికో రోజు మూతా, కౌంటర్‌లో మనిషా?

ఒక్కరే కిరాణా కొట్టు నడిపేవాళ్లు తెల్లవారుజామున పాల ప్యాకెట్ల కోసం షట్టరు ఎత్తితే, రాత్రి పదింటికి గానీ దించరు. అలసిపోయి చేతులెత్తేయకుండా ఉండటానికి ముందున్నవి రెండు దారులు: వారానికో రోజు కొట్టు మూయడం, లేదా కౌంటర్‌లో జీతానికి మనిషిని పెట్టుకోవడం.

వారానికో రోజు మూసేస్తే చేతి నుంచి ఖర్చేమీ ఉండదు, పోయేది ఆ రోజు బేరమే. అదీ మొత్తం పోదు. బియ్యం, నూనె కావాల్సినవాళ్లు ముందురోజో మర్నాడో వస్తారు. పాలు, పెరుగు, బ్రెడ్డు బేరం మాత్రం పక్క కొట్టుకు పోతుంది.

మనిషిని పెట్టుకుంటే షట్టరు దించక్కర్లేదు. కానీ బేరం ఉన్నా లేకున్నా నెల తిరిగేసరికి జీతం ఇవ్వాలి. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ప్రకారం అతనికీ వారంలో ఒక రోజు సెలవుండాలి. అసలు టెన్షన్ అరువు దగ్గర. ఎవరికి ఇవ్వచ్చో, ఎవరికి లేదనాలో కొత్త కుర్రాడికి తెలీదు. యూపీఐ సౌండ్‌బాక్స్ డబ్బు పడిందని చెబుతుంది గానీ పాత బాకీ సంగతి చెప్పదుగా! అందుకని మీరు ఇంట్లో ఉన్నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. అదేం విశ్రాంతి?

నా ఓటు మూతకే. పాల మీదే నడిచే కొట్టయితే ఆ రోజు పొద్దున రెండు గంటలు తెరిచి దించేయండి. బేరం ఇద్దరికి సరిపడా పెరిగాక మనిషిని చూసుకోవచ్చు. అప్పుడైనా అరువు పద్దు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.