ఈమ్యాక్స్ డైర్‌డ్: డాక్యుమెంట్ రైటర్ బల్ల మీద ఏళ్ల తరబడి వాడాక

మహబూబ్‌నగర్‌లో నాది డాక్యుమెంట్ రైటింగ్ పని. సేల్ డీడులు, గిఫ్ట్ డీడులు, పార్టిషన్ డీడులు, అర్జీలు రాయడం ఒక ఎత్తు. వాటితో పాటు వచ్చే కాగితాల స్కాన్లు దాచిపెట్టడం ఇంకో ఎత్తు. పహాణీలు, ఈసీలు, పాసుబుక్కు పేజీలు, లింకు డాక్యుమెంట్లు అన్నీ కలిపితే ఒక్క కొనుగోలుకే బోలెడన్ని ఫైళ్లు పోగవుతాయి. ఈ ఫైళ్లన్నిటినీ ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోనే, దానితో పాటే వచ్చే డైర్‌డ్ అనే ఫైల్ మేనేజర్‌తో చూసుకుంటాను. 2016లో జిల్లాలు విడిపోకముందు నుంచీ ఇదే వాడుతున్నాను. డైర్‌డ్‌లో ఫోల్డర్‌లోని పేర్ల జాబితా కూడా టెక్స్టే. కాబట్టి రాత పనిలో నేర్చుకున్న మెలకువలన్నీ ఫైళ్ల మీదా పనిచేస్తాయి. వేరే ఫైల్ మేనేజర్ జోలికి పోకపోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. కంట్రోల్-ఎక్స్ నొక్కి, తర్వాత డి నొక్కి ఫోల్డర్ పేరు ఇస్తే అందులోని ఫైళ్లు లైనుకొకటి చొప్పున వస్తాయి. పర్మిషన్లు, సైజు, తేదీ ముందు ఉంటాయి, పేరు చివర ఉంటుంది. పేర్లు తప్ప మిగతావి వద్దనుకుంటే ఓపెన్ బ్రాకెట్, అంటే ( నొక్కాలి. ఎం నొక్కితే ఫైలుకు గుర్తు పడుతుంది, యు నొక్కితే గుర్తు పోతుంది. క్యాపిటల్ సి కాపీకి, క్యాపిటల్ ఆర్ పేరు మార్చడానికి లేదా వేరే చోటికి జరపడానికి, ప్లస్ కొత్త ఫోల్డర్‌కి. ఎస్ నొక్కితే తేదీ వరసకు మారుతుంది, ఈరోజు వచ్చిన స్కాన్లు పైకి వస్తాయి. డీడు రాస్తూ మధ్యలో కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-జె కొడితే ఆ డీడు ఉన్న ఫోల్డర్ తెరుచుకుని, కర్సర్ సరిగ్గా ఆ ఫైలు మీదే ఉంటుంది. రోజుకు నేను ఎక్కువసార్లు నొక్కేది ఇదే. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1974 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ల్యాబులో స్టాన్ కుగెల్ విడి ప్రోగ్రాముగా రాశాడు, తర్వాత ఈమ్యాక్స్‌లోకి వచ్చింది.

అసలు విషయం కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-క్యూ దగ్గర మొదలవుతుంది. అది నొక్కగానే ఆ జాబితా చదివేదల్లా రాసేదిగా మారిపోతుంది. పేర్లు దిద్దుకుని కంట్రోల్-సి కంట్రోల్-సి కొడితే డిస్క్ మీద ఫైళ్ల పేర్లు నిజంగా మారతాయి. 2007లో వచ్చిన 22వ వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఈమ్యాక్స్‌లోనే ఉంది, విడిగా ఏదీ వేసుకోనక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. కోయిలకొండ నుంచి ఒక పెద్దాయన పాత రిజిస్టర్డ్ డాక్యుమెంట్ తెస్తాడు. స్కాన్ చేస్తే స్కానర్ తన అలవాటు ప్రకారం స్కాన్0041, స్కాన్0042 అని పేర్లు పెట్టుకుంటూ పోతుంది. ఆర్నెల్ల తర్వాత చూస్తే అవి ఎవరివో, ఏ పేజీలో ఎవరికి తెలుస్తుంది? డైర్‌డ్‌లో ఆ పేర్ల మొదటి భాగాన్ని నిలువుగా పై నుంచి కింది దాకా ఎంచుకుంటాను. కంట్రోల్-ఎక్స్, ఆర్, టి వరసగా నొక్కి ఊరి పేరు, డీడు రకం, సంవత్సరం ఒక్కసారే టైప్ చేస్తాను. ఎంచుకున్న ప్రతి లైనులోనూ అదే పడుతుంది. వెనక పేజీ నంబర్లు చెక్కుచెదరవు. మా షాపులో కొత్తగా చేరిన పిల్లవాడు మౌస్‌తో ఒక్కో ఫైలు మీద రైట్ క్లిక్ కొడుతూ, "అన్నా, గివన్నీ ఒక్కొక్కటే మార్చాల్నా?" అని అడిగాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఇది చూపించాను. మరుసటి వారానికి నాకంటే వేగంగా చేస్తున్నాడు.

ఇంకో చిన్న సంగతి, కానీ నాకు చాలా ఇష్టమైనది. పాత కాగితాలు కుట్టు విప్పి స్కాన్ చేసేటప్పుడు మూడో పేజీ, నాలుగో పేజీ తారుమారవడం మామూలే. మామూలు ఫైల్ మేనేజర్‌లో మూడును నాలుగు చేయబోతే ఆ పేరుతో ఇప్పటికే ఫైలు ఉందంటుంది. ముందు ఒకదానికి ఇంకేదో పేరు పెట్టి, తర్వాత రెండోది మార్చి, మళ్లీ మొదటిదానికి రావాలి. ఇక్కడ రెండు లైన్లలో 3ని 4గా, 4ని 3గా దిద్ది ఓకే చేస్తే చాలు. మధ్యలో తాత్కాలిక పేర్లు అదే చూసుకుంటుంది.

2016 దసరాకు, అంటే అక్టోబర్ 11న, పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. మా పాత మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేట, కొల్లాపూర్ నాగర్‌కర్నూల్‌కు పోయాయి. పెబ్బేరు, కొత్తకోట వనపర్తికి, అలంపూర్ జోగులాంబ గద్వాలకు, కొడంగల్ వికారాబాద్‌కు పోయాయి. నా ఫోల్డర్లన్నీ జిల్లా, మండలం, ఊరు వరసలో ఉండేవి. ఆ సర్దుబాటు చేసినప్పుడే డైర్‌డ్ విలువ పూర్తిగా తెలిసింది. పేర్లు దిద్దే చోట ఫైలు పేరు ముందు కొత్త ఫోల్డర్ పేరు, ఒక స్లాష్ పెడితే ఆ ఫైలు అక్కడికి జరుగుతుంది. ఆ ఫోల్డర్ లేకపోతే అదే తయారు చేస్తుంది. పెబ్బేరు అని ఉన్న లైన్ల ముందు వనపర్తి స్లాష్ చేర్చే పని సెర్చ్ అండ్ రీప్లేస్‌తో అయిపోయింది. తేదీ, సైజు లాంటివి మాత్రం తాళం వేసినట్టే ఉంటాయి, పొరపాటున కూడా మారవు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా వచ్చి మక్తల్, ఊట్కూరు అటు పోయినప్పుడు మళ్లీ అదే పని, ఈసారి టెన్షన్ లేదు.

ఫైళ్ల పేర్లు సరే, లోపలి రాత సంగతేంటి? నా నమూనా డీడులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. కావాల్సినవాటికి గుర్తు పెట్టి క్యాపిటల్ క్యూ నొక్కితే అన్నిట్లోనూ వెతికి ఒక్కో చోటా మార్చాలా వద్దా అని అడుగుతుంది. అలా అడగడమే మంచిది. పాత డాక్యుమెంట్‌ను ఉదహరించే చోట "మహబూబ్‌నగర్ జిల్లా" అనే ఉండాలి, కొత్త ఆస్తి వివరాల్లో మాత్రమే జిల్లా మారాలి. అన్నీ ఒక్క దెబ్బతో మార్చేస్తే డీడు తప్పుల తడక అవుతుంది.

స్లాష్ వల్ల ఒక జాగ్రత్త కూడా ఉంది, మా పనివాళ్లకు ఇది ముఖ్యం. మన సర్వే నంబర్లు 112/అ, 112/ఆ అని ఉంటాయి. డాక్యుమెంట్ నంబర్ వెనక స్లాష్ పెట్టి సంవత్సరం రాస్తాం. కాగితం మీద ఉన్నట్టే పేరులో పెడితే 112 అనే ఫోల్డర్ పుట్టి, ఫైలు అందులోకి పోతుంది. అందుకే ఫైలు పేర్లలో స్లాష్ బదులు అడ్డగీత పెట్టడం మా షాపులో నియమం.

తీసేయడంలో డైర్‌డ్ పద్ధతి నాకు బాగా నచ్చింది. చిన్న డి నొక్కితే ఫైలు పోదు, పక్కన గుర్తు మాత్రం పడుతుంది. అన్నీ చూసుకున్నాక ఎక్స్ నొక్కితే ఏవేవి పోతాయో జాబితా చూపించి అడుగుతుంది. ఈమ్యాక్స్ వదిలే బ్యాకప్ ఫైళ్లన్నిటికీ టిల్డా (~) కీ ఒక్కసారే గుర్తు పెడుతుంది. ఇంత ఉన్నా ఒకటి తప్పక చేయాలి. డిలీట్-బై-మూవింగ్-టు-ట్రాష్ అనే సెట్టింగ్ మొదటి రోజే ఆన్ చేసుకోవాలి. లేకపోతే తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి కాదు, ఏకంగా పోతుంది. ఇక్కడ అన్‌డూ నొక్కితే గుర్తులు వెనక్కి వస్తాయి గానీ ఫైళ్లు రావు. ఇంత బాగా ఆలోచించి చేసినదాంట్లో ఈ సెట్టింగ్‌ను ముందే ఆన్‌లో ఎందుకు పెట్టలేదోనని నాకు ఇప్పటికీ బాధే. భూమి కాగితం స్కాన్ పోతే ఒక్కోసారి ఒరిజినల్ కూడా దొరకదు.

తెలుగు పేర్ల సంగతి. పేరు కాలమ్ చివర ఉండటం వల్ల తెలుగు అక్షరాల వెడల్పుతో వరసలు చెదరవు. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్‌తో ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చుంటున్నాయి. బ్యాక్‌స్పేస్ కొడితే గుణింతం ఒక్కటే పోతుంది, డిలీట్ కొడితే అక్షరం మొత్తం పోతుంది. దీనికి అలవాటు పడాలి. పైన చెప్పిన నిలువు ఎంపిక మాత్రం తెలుగు పేర్లతో నమ్మకంగా కుదరదు, అక్కడ రీప్లేస్ వాడుకోవడమే మేలు. మహబూబ్‌నగర్ అని ఒకచోట కలిపి, ఇంకోచోట విడదీసి, మరోచోట బ కింద న వత్తుతో రాస్తే వెతుకులాటలో మూడూ మూడు వేరు పేర్లే. ఒక్క రూపానికి కట్టుబడాలి. స్కాన్ల లోపల వెతకడం కుదరదు కాబట్టి మాకు పేరే ఆధారం. ఫైండ్-నేమ్-డైర్‌డ్ అనే కమాండ్‌కి ఊరి పేరుకు ముందూ వెనకా నక్షత్రం గుర్తు (*) పెట్టి ఇస్తే అన్ని ఫోల్డర్లలోనివీ ఒకే జాబితాగా వస్తాయి, ఆ జాబితాను కూడా అలాగే దిద్దుకోవచ్చు.

పెన్‌డ్రైవ్‌తో వచ్చేవాళ్లకు ఒక పక్క పెన్‌డ్రైవ్, ఇంకో పక్క మా ఫోల్డర్ తెరుస్తాను. డైర్‌డ్-డ్విమ్-టార్గెట్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కాపీ ఎక్కడికో అదే గ్రహించి రెండో పక్కను చూపిస్తుంది. ఎంటర్ కొట్టడమే. స్కానర్ కొత్త ఫైళ్లు పడేసినప్పుడు మాత్రం జి నొక్కితే తప్ప జాబితాలో కనిపించవు.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. పెద్ద పీడీఎఫ్‌లు లోపల తెరిస్తే నత్తనడకే. బొమ్మలకు థంబ్‌నెయిళ్లు వస్తాయి గానీ మామూలు ఫైల్ మేనేజర్‌లో ఉన్నంత హాయిగా ఉండదు. వర్డ్ ఫైళ్లను బయటి ప్రోగ్రాములో తెరవడానికి ఏళ్ల తరబడి కమాండ్ టైప్ చేయాల్సి వచ్చింది. 2025లో వచ్చిన 30వ వెర్షన్‌లో క్యాపిటల్ ఇ నొక్కితే తెరుచుకుంటుంది, ఎంతో ఆలస్యంగా వచ్చిన సుఖం. చిన్న డి వేరు, క్యాపిటల్ డి వేరు. రెండోది ఒక్కసారి అడిగి వెంటనే తీసేస్తుంది. కొత్తవాళ్లు క్యాప్స్ లాక్ చూసుకోవాలి.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లోని పక్క ప్యానెల్ చూడటానికి బాగుంటుంది, కానీ పేర్లు అందులో ఒక్కొక్కటే మార్చాలి. నియోవిమ్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లకు ఆయిల్ అనే ప్లగిన్ ఇదే ఆలోచనతో ఉంది, వాళ్లు దీనికోసం ఈమ్యాక్స్‌కు రానక్కర్లేదు. రోజంతా వర్డ్‌లోనే ఉండేవాళ్లకు దీన్ని సిఫార్సు చేయను. టెక్స్ట్ ఫైళ్లతో, వరస పేర్ల స్కాన్లతో పని ఉన్నవాళ్లు మాత్రం ఒక ఫోల్డర్‌కు కాపీ తీసుకుని అందులో కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-క్యూ కొట్టి పేర్లు ఇష్టమొచ్చినట్టు మార్చి చూడండి. నచ్చకపోతే కంట్రోల్-సి కంట్రోల్-కె నొక్కితే సరి, డిస్క్ మీద ఒక్క పేరూ మారదు.