గ్యాస్ డ్రైయరా, కరెంటు డ్రైయరా?

బట్టలారబెట్టే గ్యాస్ డ్రైయర్‌కూ కరెంటు కావాలి. డ్రమ్మును తిప్పే మోటారు, గాలి తోలే ఫ్యాను ప్లగ్గు మీదే నడుస్తాయి. అంతా కలిపి 300 వాట్లనుకుంటే గంటకు 0.3 యూనిట్. అదే కరెంటు డ్రైయర్‌లో 2,500 వాట్ల హీటరు గంటసేపు కాలితే రెండున్నర యూనిట్లు. వారానికి నాలుగుసార్లు వేస్తే నెలకు 40 పైమాటే. పాలమూరులో తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంటికి ఇదే అసలు చిక్కు: 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

గ్యాస్‌ది ఆ బాధ కాదు, సిలిండరు తొందరగా అయిపోతుంది. పొగ బయటికి పోయే గొట్టం లేకుంటే మాత్రం వద్దే వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. నన్నడిగితే, వానాకాలం తప్ప డాబా మీద దండెం చాలు.