తొలి ఆల్బమ్: నార్వేజియన్‌లోనా, ఇంగ్లీషులోనా?

నార్వే హార్డ్ రాక్ బ్యాండ్లకు మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఖర్చు: స్టూడియో అద్దె ఏ భాషకైనా ఒకటే.

శ్రమ: సొంత భాషలో మాట నోటికి తేలిగ్గా వస్తుంది. ఇంగ్లీషులో యాస మీద కసరత్తు తప్పదు.

రిస్క్: నార్వే జనాభా సుమారు 55 లక్షలే, మార్కెట్ చిన్నది. ఇంగ్లీషులో పోటీ ప్రపంచమంతటితో. ట్రోండ్‌హైమ్ బ్యాండ్ టీఎన్‌టీ 1982లో నార్వేజియన్‌తో మొదలై, 1984కల్లా అమెరికన్ గాయకుడు టోనీ హార్నెల్‌తో ఇంగ్లీషుకి మారింది. స్టావంగర్ బ్యాండ్ క్వెలర్‌టాక్ మాత్రం 2010 తొలి ఆల్బమ్‌ని అమెరికాలో నిర్మాత కర్ట్ బలూ దగ్గర రికార్డు చేసినా, పాడింది నార్వేజియన్‌లోనే. మూడు గిటార్లు, గొంతు చించుకునే అరుపులు! దానికి నార్వే సంగీత పురస్కారాలైన స్పెల్లెమాన్ అవార్డులు రెండొచ్చాయి, తర్వాత అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా యూరప్ టూర్‌లోనూ వాయించారు. నాకైతే ఆ తెగువే నచ్చింది.

గిటార్లు, అరుపులే బలమైతే నార్వేజియన్. కోరస్‌ని విదేశీ శ్రోతలతో పాడించాలంటే, రేడియో కావాలంటే ఇంగ్లీషు.