గోడా, ఇసుకా, దిబ్బా: మన తీరానికి ఏది మేలు?

తుపాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇటు విజయనగరం జిల్లా చింతపల్లి, ముక్కాం వైపు నుంచీ, అటు శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం, బారువ వైపు నుంచీ ఒకటే ప్రశ్న: "ఒడ్డు కోసుకుపోతోంది, గోడ కట్టమని అర్జీ పెట్టాలా, ఇసుక పోయమని అడగాలా?"

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఆ పని పూర్తయ్యాక పడవ ఎక్కడికి లాగుతారు? శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా ఎక్కువ ఊళ్లలో పడవ ఆగేది జెట్టీ దగ్గర కాదు, ఇసుక మీదే. వల బాగుచేసుకునేదీ, చేప ఎండబెట్టేదీ అక్కడే. మనకి బీచ్ అంటే సాయంత్రం షికారుకెళ్లే చోటు కాదు, పని చేసుకునే చోటు.

రాళ్ల గోడ ఈ ప్రశ్న దగ్గరే ఓడిపోతుంది. వెనకున్న రోడ్డునీ ఇళ్లనీ కొన్నాళ్లు కాపాడుతుంది, కాదనను. కానీ కెరటం రాయికి తగిలి వెనక్కి మళ్లేటప్పుడు ముందున్న ఇసుకని ఊడ్చుకుపోతుంది. గోడ ఎక్కడ ఆగితే అక్కడ, అంటే పక్క ఊళ్లో, కోత పెరుగుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో జియోట్యూబ్ కట్ట (ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలతో వేసింది) కొన్నేళ్లకే దెబ్బతింది, బీచ్ రోడ్డుకి రాళ్లు వేస్తూనే ఉన్నారు. అయినా అందరూ గోడే ఎందుకు అడుగుతారంటే, రాయి కంటికి కనబడుతుంది, శంకుస్థాపనకీ బాగుంటుంది.

ఇసుక పోయడం నిజంగా పనిచేస్తుంది. విశాఖ ఆర్కే బీచ్ నిలబడింది చాలావరకు డ్రెడ్జర్ (సముద్రం అడుగు నుంచి ఇసుక తోడే ఓడ) తెచ్చి పోసే ఇసుకతోనే. అయితే అక్కడ పక్కనే పోర్టు ఉంది, డ్రెడ్జర్ ఉంది. ఒకసారి పోసి వదిలేస్తే నిలవదు, పోస్తూనే ఉండాలి. మొఫస్‌బందర్ లాంటి పల్లెకి ఏటా డ్రెడ్జర్ ఎవరు పంపుతారు? ఒక్క మూలపేట సంగతి వేరు. అక్కడ 2023లో పోర్టు పనులు మొదలయ్యాయి. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి కట్ట వేస్తే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోసేస్తుంది. మేట వేసిన ఇసుకని ఏటా అవతలికి చేర్చే ఖర్చు పోర్టుదే కావాలి. ఉత్తరాన ఉన్న ఊళ్లవాళ్లు గోడ కన్నా ముందు అడగాల్సింది ఇదీ.

ఇక ఇసుక దిబ్బ. ఇది ఊరి గాదె లాంటిది. తుపాను రోజున సముద్రం అందులోంచి తీసుకుంటుంది, కెరటాలు నెమ్మదించాక కొంత కొంతగా ఒడ్డుకి తిరిగి తెస్తుంది, గాలి దాన్ని పైకి చేరుస్తుంది. పట్టి ఉంచడానికి బాలబండి తీగ, ఇసుక మీద పాకే ముళ్ల గడ్డి కావాలి. ఎగిరే ఇసుకని ఆపడానికి తాటాకు దడి చాలు. పడవలకీ మనుషులకీ దారులు వదిలి, మిగతాచోట ట్రాక్టర్లు ఎక్కకుండా చూడాలి. పడవ లాగే చోటు ఉంటుంది, తాబేలు గుడ్లు పెట్టే చోటూ ఉంటుంది. నా మొగ్గు ఇటే.

చట్టం కూడా ఇటే ఉంది. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు అన్నిటికన్నా కట్టుదిట్టమైన వర్గంలో ఉన్నాయి. కానీ మన ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్ లాంటి విలువైన ఖనిజాలు ఉన్నాయి కదా, అక్కడొస్తుంది చిక్కు. ఒక శాఖ దిబ్బ తవ్వడానికి అనుమతిచ్చి, ఇంకో శాఖ కోత నివారణకి నిధులు అడిగితే ఆ డబ్బు సముద్రం పాలే.

సరుగుడు గాలికి అడ్డు, కట్టెకి డబ్బు. దిబ్బ వెనక వేసుకోండి. దిబ్బ ముఖాన వేస్తే రాలిన ఆకు కింద తీగ బతకదు. సముద్రంలోకి అడ్డంగా వేసే చిన్న రాతి కట్టలది పోర్టు కథే, చిన్న సైజులో.

దిబ్బకి రెండు షరతులున్నాయి. ఒకటి, వెనక్కి జరిగే జాగా ఉండాలి. ఇళ్లు నీటి అంచుకే వచ్చేసిన చోట గోడ వద్దని నేననలేను. కాకపోతే ఇళ్లు వెనక్కి మారేదాకా అన్న గడువుతో కట్టాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26కి కోత వల్ల ఇళ్లు పోయినవాళ్ల పునరావాసానికి దేశం మొత్తానికి 1,000 కోట్లు సిఫార్సు చేసింది, అంటే ఇలా అడగడం కొత్తేమీ కాదు. రెండోది, నది నుంచి ఇసుక రావాలి. వంశధార మీద గొట్టా, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీల దగ్గర కొంత ఆగుతుంది, మిగిలినదాన్ని నదిలో ఇసుక తవ్వే ర్యాంపుల్లో లారీలకి ఎత్తేస్తున్నాం. కళింగపట్నం, కళ్లేపల్లి వాళ్లు అర్జీ రాస్తే వంశధార, నాగావళి ర్యాంపుల మాట కూడా అందులో రాయండి.