ఆన్సిబుల్ రివ్యూ: డీఫాల్టులతో వదిలేస్తే వందల సర్వర్లకు ఆగదు

ప్లేబుక్ (చేయాల్సిన పనుల, అంటే టాస్కుల జాబితా) రాసి ఎన్నో సర్వర్లను ఒకచోట నుంచే సెట్ చేసే టూల్ ఆన్సిబుల్. పది సర్వర్లకు దాన్ని పెట్టుకోవడం ఒక పూట పని. అవతలి మెషీన్లలో ఏజెంట్ (ఎప్పుడూ నడుస్తుండే సహాయక ప్రోగ్రామ్) అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి సురక్షితంగా లోపలికి వెళ్లే దారి), పైథాన్ ఉంటే చాలు. 2015లో రెడ్ హ్యాట్ చేతికి వెళ్లాక కూడా ఆ సౌలభ్యం పోలేదు. సర్వర్లు వందల్లోకి వెళ్లాకే చిక్కులు మొదలవుతాయి.

ఫోర్క్స్, అంటే ఒకేసారి ఎన్ని సర్వర్ల మీద పనిచేయాలనే లెక్క, డీఫాల్టుగా 5. 600 సర్వర్లుంటే ఒక్కో టాస్కూ ఐదేసి చొప్పున తిరగాలి, అన్నిట్లో పూర్తయితే తప్ప తర్వాతి టాస్కు మొదలవదు. ఒక్క మొద్దు సర్వర్ చాలు అందరినీ ఆపడానికి. ఫోర్క్స్ 50కి పెంచి, పైప్‌లైనింగ్ (ఎస్‌ఎస్‌హెచ్ రాకపోకలు తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసి, అవసరం లేని చోట ఫ్యాక్ట్స్ (ఒక్కో సర్వర్ వివరాలు) సేకరణ ఆపేయండి. ఆన్సిబుల్ నడిచే కంట్రోల్ మెషీన్ మెమరీ మీద మాత్రం ఓ కన్నేసి ఉంచాలి.

అసలు గొడవ హ్యాండ్లర్లతో, అంటే ఏదైనా మారితేనే నడిచే టాస్కులతో. ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ కాన్ఫిగ్ మారిందనుకోండి, రీలోడ్ హ్యాండ్లర్ ప్లే (ప్లేబుక్‌లో ఒక భాగం) చివర్లో గానీ నడవదు. ఈలోగా ఇంకో టాస్కు ఫెయిలైతే ఆ సర్వర్‌లో రీలోడ్ జరగదు. తప్పు సరిదిద్ది మళ్లీ నడిపితే, ఫైల్ అప్పటికే కొత్తది కాబట్టి ‘ఓకే’ అంటుంది, హ్యాండ్లర్‌ను పిలవదు. డిస్క్‌లో కొత్త కాన్ఫిగ్, నడుస్తున్న సర్వీసులో పాతది, రిపోర్టు మాత్రం పచ్చగా! కాన్ఫిగ్ ఫైల్ రాసే టెంప్లేట్ టాస్కు వెనకాలే, పెండింగ్ హ్యాండ్లర్లను అప్పటికప్పుడే నడిపే ఫ్లష్ హ్యాండ్లర్స్ పెడితే ఈ బెడద ఉండదు.

సీరియల్ (విడతకు ఎన్ని సర్వర్లు అనే సెట్టింగ్) పెట్టకపోతే రీస్టార్టులు అన్ని సర్వర్లలో ఇంచుమించు ఒకేసారి పడతాయి. ముందు 1, తర్వాత 10 శాతం, ఆపై 30 శాతం అని ఇచ్చి, మ్యాక్స్ ఫెయిల్ పర్సంటేజ్ (ఎంత శాతం సర్వర్లు ఫెయిలైనా ఓర్చుకోవాలనే పరిమితి) 0 చేస్తే మొదటి దెబ్బకే ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ, సుడోయర్స్ ఫైళ్లకు (లాగిన్, అడ్మిన్ హక్కులు వీటిలోనే ఉంటాయి) వ్యాలిడేట్, అంటే ముందస్తు తనిఖీ, లేకుండా టెంప్లేట్ రాయడం తెగింపే. ఫైల్ మోడ్‌ను (ఎవరు చదవచ్చు, రాయచ్చు అనే పర్మిషన్) కోట్స్‌లో ‘0644’ అనే ఇవ్వండి. ఉత్త 644 అంటే ఆక్టల్ (8 ఆధారపు) సంఖ్యగా కాక దశాంశంగా తీసుకుని 1204 పర్మిషన్ వేస్తుంది, ఓనరే ఫైల్ చదవలేడు.

కాపలా కాయడం దీనివల్ల కాదు. ఎవరైనా సర్వర్‌లోకి దూరి చేత్తో మార్చేస్తే, మళ్లీ ప్లేబుక్ నడిపేదాకా అలాగే ఉంటుంది. ఇలాంటిదే మరో టూల్ పప్పెట్, దాని ఏజెంట్ డీఫాల్టుగా 30 నిమిషాలకోసారి సరిచేస్తుంది. ఆన్సిబుల్‌తోనే నెట్టుకురావాలంటే రోజూ రాత్రి చెక్ (ఏదీ మార్చకుండా చూడటం), డిఫ్ (తేడా చూపడం) ఆప్షన్లతో క్రాన్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పని) పెట్టుకోవాలి. చెక్ మోడ్‌లో షెల్, కమాండ్ టాస్కులు మామూలుగా స్కిప్ అవుతాయి కాబట్టి, ప్లేబుక్ నిండా అవే ఉంటే ఆ రిపోర్టును నమ్మకండి.